మెడ దగ్గరి గుండీ

తెల్లవారగానే ఆ ఇంట్లో మొదటి పని గుండీలు ఏరడం. తల్లి చీపురు పట్టేలోపే పిల్ల బోర్లా పడుకుని మంచం కిందికీ బీరువా సందులోకీ చెయ్యి పోనిచ్చి, ముందురోజు వచ్చినవాళ్లు రాల్చిపోయిన గుండీలన్నీ బయటికి తీసేది. తర్వాత బడికి వెళ్లే దారిలో ఎవరి గుండీ వాళ్లకి ఇచ్చేసి వెళ్లేది.

ఆ పిల్ల ఎదుట అబద్ధం చెబితే చెప్పినవాళ్ల బట్టల మీది గుండీ ఒకటి ఊడి పడేది. అందులో ఎవరికీ వింత కనిపించలేదు. కొందరికి పిల్లి దగ్గరుంటే తుమ్ములు రావూ, అలాంటిదే. అద్దె పెంచడానికి వచ్చేటప్పుడు ఇంటాయన బనీనుతోనే వచ్చేవాడు.

ఒక ఆదివారం సండేస్కూలు టీచరు పిల్ల తల నిమిరి, "ప్రతి బిడ్డా దేవుడిచ్చిన బహుమానమేనమ్మా. మీ పాప కూడా!" అంది. వెంటనే ఆవిడ జాకెట్టు చేతి అంచున ఉన్న గుండీ టప్పున రాలింది. పిల్ల నవ్వలేదు, ఎవరికీ చూపించలేదు. వంగి తీసి, రెండు చేతులతో అందించింది. "మీది పడిపోయింది టీచర్."

కూతుర్లో తల్లికి నచ్చేది ఇదే. గుండీ రాలడం కాదు, దాన్ని తిరిగి ఇవ్వడం. ఈ పిల్ల ఎవర్నీ చిన్నబుచ్చదు. అలాగని ఎవర్నీ వదిలిపెట్టదు. ఇలాంటిదాన్ని ఎక్కడ వెతికి తెచ్చి నా ఒళ్లో పడేశావు ప్రభువా అని, అన్నం ముందు కళ్లు మూసుకున్నప్పుడల్లా అనుకునేది.

తల్లి చొక్కాలు కుట్టే కార్ఖానాలో గుండీలు కుట్టేది. పక్క బల్ల మీద కాజాలు తీసే ఆవిడ కూర్చునేది. అందరికీ కాజాలక్క. "నేను చిల్లు పెట్టకపోతే నీ గుండీని ఎవడు చూస్తాడే?" అని ఏడిపించేది. పిల్ల కనిపిస్తే చాలు, నడుం మీద చేతులు పెట్టుకుని, "చూడవే, నేను చిక్కిపోయాను" అనేది. గుండీ ఎగిరిపడేది. అది చూసి కాజాలక్క పడీపడీ నవ్వేది.

కార్ఖానా అంటుకున్న రోజు వెనక తలుపుకి తాళం వేసి ఉంది. పనివేళల్లో ఎవరూ గాలి పీల్చుకోవడానికి బయటికి పోకూడదని వేయించిన తాళం అది. ముందు తలుపు దగ్గరున్నవాళ్లు బయటపడ్డారు. కాజాలక్క వెనక తలుపుకేసి పరిగెత్తింది. మర్నాడు ఆ తలుపు లోపలివైపు, మసి మీద, ఆమె వేళ్ల గీతలు కనిపించాయి. ఆ సాయంత్రానికే యజమాని దానికి ఆకుపచ్చ రంగు వేయించాడు.

తర్వాత పిల్ల తల్లిని పిలిపించాడు.

"విచారణకి ఆఫీసరొస్తున్నాడు. తలుపు తీసే ఉంది, ఆమే కంగారులో చూసుకోలేదు. అంతే కదమ్మా?"

"తాళం వేసి ఉంది సార్."

"సరే, ఉందనుకో. వేసిందెవరు? వాచ్‌మన్. వాచ్‌మన్ ఎవరు?"

వాచ్‌మన్ ఆమె సొంత అన్న.

"నేనెప్పుడైనా తాళంచెవి ముట్టుకున్నానా? చూడు." యజమాని రెండు చేతులూ చాచి చూపించాడు. చాలా శుభ్రమైన చేతులు.

మర్నాడు అన్న ఇంటికొచ్చాడు. "చెల్లెమ్మా, నాకూ పిల్లలున్నారు."

"ఆమె తలుపు బాదుతుంటే నీకు వినపడలేదా అన్నయ్యా?"

అతను లోపలిగదికేసి చూశాడు. పిల్ల అక్కడ లెక్కలు చేసుకుంటోంది. లేచి వెళ్లిపోయాడు.

సంతాప ప్రార్థనా విచారణా ఒకే రోజు, చర్చిలోనే పెట్టారు. గుమ్మం దగ్గర యజమాని మనుషులు అందరికీ కొత్త టీషర్టులు పంచారు. గుండ్రటి మెడ, ముందు కాజాలక్క ఫోటో. బతుకంతా కాజాలు తీసిన మనిషి ముఖాన్ని ఒక్క కాజా లేని చొక్కా మీద అచ్చేయించారు. పెట్టుబడికి కన్నీళ్లు కూడా ఒక ఆర్డరే. సైజులవారీగా కుట్టించి పంచుతుంది. అందరూ తొడుక్కున్నారు, తల్లి కూడా. పాస్టరుగారు తొడుక్కున్నారు. యజమాని తన పొట్టకి సరిపోయేది తొడుక్కున్నాడు. అందుకే, పిల్లని లోపలికి రానివ్వొద్దని ఈసారి ఎవరూ అనలేదు.

పిల్ల మాత్రం గౌనులో ఉంది. మెడ నుంచి నడుము కిందిదాకా గుండీలున్న గౌను, తల్లి కుట్టిందే.

"ఆమె సమయం వచ్చింది, ప్రభువు పిలుచుకున్నాడు" అన్నారు పాస్టరుగారు.

పిల్ల గౌనుకి అట్టడుగున ఉన్న గుండీ రాలింది.

పిల్ల ఆశ్చర్యంగా కిందికి చూసుకుంది. తనదే. తానేమీ అనలేదే! రాలడానికి వాళ్ల దగ్గర గుండీల్లేవు. అందుకని అవి ఉన్నచోటి నుంచే రాలాయి.

ఆఫీసరు ఒక్కొక్కరినీ లేపాడు. కత్తిరింపు మాస్టరు తలుపు తీసే ఉందన్నాడు. ఒక గుండీ. ఇస్త్రీ చేసేవాళ్లు, మడతలు పెట్టే ఆడవాళ్లు అదే మాట అన్నారు. గౌను కింది నుంచి తెరుచుకుంటూ వచ్చింది. పిల్ల రాలినవాటిని గుప్పిట్లో బిగించి, ఆ చేతుల్తోనే అంచులు దగ్గరికి లాక్కుంది. అందరూ చూశారు. చూపు తిప్పుకున్నారు. తర్వాతివాళ్లు లేచి అదే మాట అన్నారు.

"తలుపు తీసే ఉంది సార్" అన్నాడు వాచ్‌మన్. మేనకోడలి కేసి చూడకుండానే అన్నాడు.

ఇక మెడ దగ్గర ఒకే గుండీ మిగిలింది. తల్లి వంతు వచ్చింది.

ఆమె లేచి కూతుర్ని చూసింది. పిల్ల ఏడవడం లేదు, వద్దని తల ఊపడం లేదు. అమ్మ ఏది చెబితే దాన్ని కింద నుంచి ఏరుకోవడానికి సిద్ధంగా నిలబడింది.

"తాళం వేసి ఉంది సార్. తాళంచెవి మా అన్నయ్య దగ్గరుంది. వెయ్యమన్నది ఆయన." యజమానిని చూపించింది.

మెడ దగ్గరి గుండీ కదల్లేదు.

ఆఫీసరు మొదటి రెండు మాటలూ రాసుకున్నాడు. మూడోదాని దగ్గర పెన్నుకి మూత పెట్టాడు. "అంతా రాసుకున్నానమ్మా" అన్నాడు.

అతను ఊరికి కొత్త. కోటు వేసుకొచ్చాడు. దాని పెద్ద నల్ల గుండీ ఊడి, దొర్లుకుంటూ పిల్ల కాళ్ల దగ్గర ఆగింది. పిల్ల వంగబోయి ఆగిపోయింది. ఒంటిచేత్తో ఇవ్వడం దానికి రాదు. రెండు చేతులూ వదిలితే గౌను నిలవదు. తల్లి వెళ్లి వెనకనుంచి గౌను అంచులు రెండూ గట్టిగా పట్టుకుంది.

"మీది పడిపోయింది సార్." పిల్ల రెండు చేతులూ చాచింది.

అతను తీసుకుని జేబులో వేసుకున్నాడు. రాసింది మార్చలేదు.

వాచ్‌మన్‌ని అక్కడి నుంచే జీపు ఎక్కించారు. యజమాని టీషర్టు విప్పేసి, కారెక్కి భోజనానికి వెళ్లాడు. పిల్ల జీపు దాకా పరిగెత్తి, "మావయ్యా, ఇది నీ వల్ల పడింది" అని గుప్పిట విప్పింది. అతను దాన్ని విసిరికొట్టి చెల్లెలికేసి చూశాడు.

"ఇది పుట్టకపోయినా బాగుండేదే."

తల్లి చప్పున కూతురి మెడకేసి చూసింది. గుండీ చెక్కుచెదరలేదు. అన్న నిజంగానే అన్నాడు.

ఇంటికొచ్చారు. రేపటి నుంచి పని లేదని దారిలోనే కబురందింది. వదిన ఏడుపు పక్కవీధి నుంచి వినిపిస్తూనే ఉంది. తల్లి సూదిలో దారం ఎక్కించుకుని కూతురి ముందు కూర్చుంది.

"అమ్మా, నేను పుట్టకపోతే బాగుండేదా?"

ఇంకే ఇంట్లోనైనా తల్లి ఊపిరి తిప్పుకోకుండా లేదనేసేది. ఆమె తొడుక్కున్నది ఇంకా ఆ టీషర్టే. ఆమెకి కాజాలక్క వేళ్ల గీతలు గుర్తొచ్చాయి. అన్న పిల్లలు గుర్తొచ్చారు. గుక్కెడు నీళ్లు తాగి, మెల్లగా అంది:

"లేదు తల్లీ. దేవుడు నాకిచ్చినవాటిలో అన్నిటికన్నా మంచిది నువ్వే."

ఇద్దరూ తలలు వంచి చూశారు. మెడ దగ్గరి గుండీ ఒక పక్కకి ఒరిగింది. సగం తెగిన దారం మీద వేలాడుతూ ఊగింది. పడలేదు.

తల్లి గబుక్కున సూది దాని దగ్గరికి తెచ్చింది. పిల్ల ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఆపింది.

"ఇప్పుడే కుట్టకమ్మా" అంది నెమ్మదిగా. "కాసేపు చూద్దాం."