ఖాళీ గంట

మా కమిటీ ఇంతవరకూ ఏ కోర్సునూ కాదనలేదు. వెనక్కి పంపుతుంది, అంతే. నేను అందులో ఆరేళ్ళుగా సభ్యుణ్ణి. ఈ ఆరేళ్ళలో "తిరస్కరించడమైనది" అన్న మాట మినిట్స్ పుస్తకంలో ఒక్కసారి కూడా పడలేదు. "సవరణల కోసం వెనక్కి పంపడమైనది" అన్నది మాత్రం పేజీకి రెండుసార్లు కనిపిస్తుంది. వెనక్కి వెళ్ళిన కాగితం కొన్నాళ్ళకు తిరిగొస్తుంది, మళ్ళీ వెళుతుంది. చివరికి దాన్ని రాసినవాడే విసిగిపోయి ఏ సొరుగులోనో పడేస్తాడు. ఎవరి చేతికీ నెత్తురు అంటదు.

ఈసారి ఆ కాగితం నాది.

మాది ఉమ్మడి కోర్సుల కమిటీ. లెక్కలు చదివే అబ్బాయైనా, నర్సింగ్ చదివే అమ్మాయైనా, డిగ్రీ చేతికి రావాలంటే తమ శాఖకు బయట నాలుగు కోర్సులు చదవాలి. ఆ నాలుగింటినీ ఏ జాబితాలోంచి ఎంచుకోవాలో తేల్చేది మేము. జాబితా రెండేళ్ళకోసారి అచ్చవుతుంది. ఈ విడత జాబితా శుక్రవారం అచ్చుకు వెళుతుంది. మరో విడత వెళ్ళేనాటికి నేను రిటైరై నాలుగు నెలలవుతుంది.

ఇరవై ఎనిమిదేళ్ళుగా మనస్తత్వశాస్త్రం విద్యార్థులకు గణాంకాలు చెబుతున్నాను. సగటు, విచలనం, పట్టికలు. ఎవరో ఒకరు చెప్పాలి కదా అని మొదటి ఏడాది ఒప్పుకున్నాను. ఆ తర్వాత వేరేది చెబుతావా అని ఎవరూ అడగలేదు, చెబుతానని నేనూ అనలేదు. పోయేముందు ఒక్క ఏడాదైనా, నాకు నిజంగా తెలిసిన సంగతి ఒకటి చెప్పి పోవాలని ఉంది. నాకు నిజంగా తెలిసింది విసుగు.

కోర్సు పేరూ అదే. మొదటిసారి పెట్టినప్పుడు లెక్కల శాఖాయన, "దీనికి కొత్త కోర్సెందుకండీ? నా క్లాసులో ఎప్పటినుంచో అదే నేర్పుతున్నాగా," అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కోర్సుకు కావలసిన పనిగంటల కూడిక కుదరలేదని కాగితం వెనక్కి వచ్చింది. రెండోసారి, "విసుగును పరీక్షలో ఎలా కొలుస్తారు?" అన్న ప్రశ్న మోసుకుని వచ్చింది. కొలతల మీద నాలుగు పేజీలు రాశాను. నాకు కొలతలకేం లోటు.

ఆ పేజీలన్నీ పైపై చొక్కా. కోర్సుకు ప్రాణం వారానికి ఒక గంట. ఆ గంటసేపు విద్యార్థులు ఖాళీ గదిలో కూర్చుంటారు. ఫోన్లు గది బయట, బుట్టలో. పుస్తకం ఉండదు, పెన్ను ఉండదు, నేను నోరు విప్పను. దీన్ని నా మీద నేను ఏళ్ళ తరబడి చేసి చూశాను. మొదటి పది నిమిషాలు మనసు గదిలో వస్తువులు లెక్కపెడుతుంది. ఇరవయ్యో నిమిషానికి ఎవరో ఒకరి మీద కోపం తెచ్చుకుంటుంది. నలభై దాటాక, పారిపోయే దారులన్నీ అయిపోయాక, ఇక చేసేది లేక, ఎన్నాళ్ళుగానో ముఖం చాటేస్తూ వచ్చినదాని పక్కకు వచ్చి కూర్చుంటుంది. ఆ నలభయ్యో నిమిషాన్ని ఇరవయ్యేళ్ళ పిల్లలకు ఒకసారి చూపించాలని నా కోరిక.

మా అక్కయ్య ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసింది. ఇంట్లో ఉండేది ఇద్దరమే. ఈ ఉదయం చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే వచ్చి చూసింది.

"ఒరేయ్, ఆ చొక్కా ఇప్పటికి రెండుసార్లు ఓడింది. మార్చు."

"చొక్కా ఏం చేసిందే అక్కా."

"ఊరికే కూర్చోవడానికి కూడా పర్మిషన్ అడుక్కునేవాణ్ణి నిన్నే చూశాన్రా. మా వార్డు బయట బెంచీల మీద జనం గంటలు గంటలు కూర్చునేవాళ్ళు, ఏ కమిటీ చెప్పిందని?"

"నేను చెప్పేదీ అదేగా."

"అదే ఎలా అవుతుంది నాయనా? వాళ్ళకి లోపల మంచం మీద ఒకరుండేవారు. నీ పిల్లలకి లోపల ఎవరున్నారు?"

బూట్లు తొడుక్కున్నాను.

మా కమిటీలో ఒక కట్టుబాటుంది. కోర్సు ఎవరిదైతే వాళ్ళు చర్చ జరిగేటప్పుడు గదిలో ఉండకూడదు. సభ్యుడైనా సరే, లేచి వెళ్ళి వరండాలో కూర్చోవాలి. పిలిచినప్పుడు రావాలి. తలుపు పక్కన, నోటీసు బోర్డు కింద, అందుకోసమే ఒక కుర్చీ వేసి ఉంటుంది. దానికి ఒక కాలు పొట్టి. అటు ఒరిగినా ఇటు ఒరిగినా టక్కుమంటుంది. ఆరేళ్ళలో ఎంతోమందిని ఆ కుర్చీలోకి పంపాను కానీ, అది కుంటిదని నా కోర్సు మొదటిసారి వచ్చేదాకా నాకు తెలియదు.

కూర్చున్నాను. వరండా వెడల్పు పద్నాలుగు పలకలు. పదకొండోది ఎప్పుడో పగిలితే మార్చినట్టున్నారు, రంగు కలవలేదు. బోర్డు మీద రెండేళ్ళ కిందటి పరీక్షల టైంటేబుల్ ఇంకా ఉంది, మూలలు ముడుచుకుపోయి. ఎర్ర బకెట్లు మూడు. ఒకదాంట్లో ఇసుక, రెండింట్లో టీ కప్పులు.

తర్వాత కోపం వచ్చింది. మొదట లెక్కలాయన మీద. ఆయన తెచ్చే కోర్సులు నాలుగు నిమిషాల్లో పాసవుతాయి, ఎవరికీ అర్థం కావు కాబట్టి. ఆ తర్వాత అధ్యక్షురాలు చరిత్ర మేడమ్ మీద. ఆవిడ ఎవరినీ నొప్పించదు. నొప్పించని మనిషితో పోట్లాడటం దిండును గుద్దినట్టుంటుంది. ఆ తర్వాత అక్కయ్య మీద కూడా వచ్చింది.

అప్పుడు లోపలినుంచి నవ్వు వినిపించింది. ఒక్కసారిగా, అందరూ కలిసి. ఏమన్నారో వినపడలేదు. గరుకు అద్దం వెనక తలలు కదిలాయి. గడియారం చూసుకున్నాను. నేను బయటికొచ్చి నలభై మూడు నిమిషాలు.

మూడేళ్ళ కిందటి సంగతి అప్పుడొచ్చి పక్కన కూర్చుంది.

మా రాళ్ళ మాస్టారు భూగర్భశాస్త్రం చెబుతాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. ఎక్కడికెళ్ళినా వెనక పదిమంది పిల్లలుంటారు. మూడేళ్ళ క్రితం అతనొక కోర్సు పెట్టాడు, "నేల చదవడం" అని. రోడ్డు వెయ్యడానికి కొండను నిలువునా కోసిన చోటికి వారం వారం విద్యార్థుల్ని తీసుకెళతాడు. ఆ పొరల ముందు గంటసేపు నిలబడి చూడాలి. మాట్లాడకూడదు, రాసుకోకూడదు.

మొత్తం మూడే పేజీలు. నేను ఇరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పకుండా లోపల దాచుకున్నదాన్ని ఇతను మూడు పేజీల్లో రాసి, నవ్వుతూ టేబుల్ మీద పెట్టి, ఇదే కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు.

ఆ రోజు లోపల నేనన్నాను: "నిలబడి చూడటాన్ని పాఠం అంటే, బస్టాపులో ఉన్న ప్రతివాడికీ డిగ్రీ ఇవ్వాలి." గది ఘొల్లుమంది. ఆ ఊపులో ఒక నియమం కూడా ప్రతిపాదించాను. రెండు నిమిషాల్లో ఒప్పుకున్నారు. ప్రమాణాలు కాపాడానని అనుకుంటూ ఇంటికి వెళ్ళాను. బాగా నిద్ర పట్టింది కూడా.

ఆ నియమాన్ని మరచిపోయానని చెప్పను. మరచిపోవడానికి కావలసిన ఏర్పాట్లన్నీ చేసుకున్నాను, అంతే. మూడుసార్లు నా కాగితం రాసుకున్నప్పుడూ అది గుర్తుకు రాలేదు.

తలుపు తెరుచుకుంది. "రండి సార్," అన్నాడు ఆఫీసు సూపరింటెండెంట్.

"కూర్చోండి కూర్చోండి," అంది చరిత్ర మేడమ్. "శుభవార్తే. దాదాపు."

ఆ 'దాదాపు' ఎక్కడుందో నాకు అప్పటికే తెలుసు. సూపరింటెండెంట్ ఎదుట కొత్తగా కుట్టించిన పుస్తకం ఉంది. పాత తీర్మానాలన్నీ ఏరి, అంకెలు వేసి, పోయిన నెలే బైండు చేయించాడు. అందుకే మొదటి రెండుసార్లు ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు.

"ఇరవై రెండో నియమం సార్. అధ్యాపకుడు బోధించని, మార్కులకు లెక్కకు రాని సమయాన్ని పనిగంటగా పరిగణించరాదు. ప్రతిపాదించినవారు..." అని ఆగాడు.

"చదవండి."

"మీరే సార్."

"అయ్యయ్యో, ఎవరు తీసిన గోతిలో..." అని లెక్కలాయన మొదలెట్టాడు. మేడమ్ చూసిన చూపుకు మిగతాది మింగేశాడు.

రాళ్ళ మాస్టారు నాకు ఎదురుగా ఉన్నాడు. పోయిన ఏడాదినుంచి అతనూ సభ్యుడే. పెన్ను మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు.

"చిన్న పని," అంది మేడమ్. "ఆ ఖాళీ గంటలో ఓ ప్రశ్నాపత్రం పెట్టండి. విసుగు ఎంత కలిగింది, ఒకటి నుంచి ఐదు దాకా. దానికి ఐదు మార్కులు. ఇప్పుడే ఇక్కడే రాసివ్వండి, శుక్రవారం జాబితాలో ఉంటారు."

"అప్పుడది ఖాళీ గంట కాదు మేడమ్."

"పేరు అలాగే ఉంచుకోండి, ఎవరొద్దన్నారు?"

రాళ్ళ మాస్టారు తలెత్తాడు. "పెట్టండి సార్. ఏం కాదు. ఆ నియమం కోసం నేనూ పెట్టానుగా. పొర రంగు, పొర మందం, పక్కన గడి. పిల్లలు చక్కగా నింపారు. ఒకళ్ళ కాగితంలోకి ఒకళ్ళు చూసుకుని మరీ నింపారు. కొండ వైపు మాత్రం ఒక్కడూ తలెత్తలేదు."

గొంతులో వెటకారం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. రెండు బ్యాచ్‌ల తర్వాత అతను ఆ కోర్సు మానేశాడు.

"ఆ నియమాన్ని తీసేయవచ్చా?" అన్నాను.

"తీసేయవచ్చు సార్. ఇద్దరు సభ్యుల సంతకాలతో రెండు వారాల ముందు నోటీసివ్వాలి," అన్నాడు సూపరింటెండెంట్. "కానీ శుక్రవారానికి అందదు. వచ్చే విడత జాబితాకి పనికొస్తుంది."

వచ్చే విడత నాది కాదు.

పెన్ను తీసుకున్నాను. నిజంగానే తీసుకున్నాను. నలభైమంది పిల్లలు, ఒక్క ఏడాది. ఏమీ లేకపోవడం కంటే ఏదో ఒకటి నయం కదా అనుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు గణాంకాలు చెప్పించింది కూడా ఇలాంటి వాక్యమే. 'ప్రశ్న ఒకటి' అని రాసి, చుక్క పెట్టాను. ఆ చుక్క తర్వాత రాయడానికి నాకు వందలకొద్దీ ప్రశ్నలు తెలుసు. అవన్నీ ఒకేసారి కళ్ళముందుకొచ్చాయి. నలభై తలలు వాటి మీదికి వంగి ఉన్నాయి.

"వెనక్కి పంపండి," అన్నాను.

"తొందరపడకండి. మీకిది ఆఖరు..."

"తెలుసు మేడమ్. పంపండి."

దాన్ని పశ్చాత్తాపం అనుకుంటే నాకే బాగుంటుంది. కానీ నా గొంతులో వినిపించింది చిరాకు. ఆ చుక్క తర్వాత ఏదీ రాయడానికి చెయ్యి రాలేదు, అంతే.

నోటీసు ఫారం అడిగి తీసుకున్నాను. ఇరవై రెండో నియమం రద్దు చేయాలి అని నింపి, సంతకం పెట్టి, టేబుల్ మీదుగా రాళ్ళ మాస్టారి వైపు జరిపాను. అతను మొత్తం చదివాడు. మళ్ళీ చదివాడు. నా వైపు తోశాడు.

"కారణం అనే గడి ఖాళీగా ఉంది సార్."

"మీకు తెలుసుగా."

"నాకు తెలిస్తే చాలదు. ఖాళీగా ఉన్నది లెక్కలోకి రాదని రాసింది మీరే."

లెక్కలాయన కూడా నవ్వలేదు. మేడమ్ కిటికీ వైపు చూస్తోంది. గడి రెండు లైన్లకు సరిపడా ఉంది. రాశాను: "ఈ నియమాన్ని ప్రతిపాదించింది నేను. ఆ రోజు నాకున్నది కోర్సు మీద అభ్యంతరం కాదు, మనిషి మీద కోపం. నేను చెప్పాలనుకున్నదాన్ని నాకంటే ముందు చెప్పాడు." చివరి మాట గడి దాటి పక్కకు పోయింది.

"సార్, ఇది రికార్డులో ఉండిపోతుంది," అని గొణిగాడు సూపరింటెండెంట్.

"ఉండనీండి."

రాళ్ళ మాస్టారు చాలాసేపు చూశాడు, మూడు వాక్యాలకు అంతసేపు అక్కర్లేదు. అప్పుడు సంతకం పెట్టాడు. నాకు థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు.

"ఆ రోజు లోపల అందరూ నవ్వారు," అన్నాడు. "బయటికి నవ్వు వినిపించింది కానీ ఎందుకో తెలియలేదు. ఏమన్నారు?"

బస్టాపు సంగతి చెప్పాను. అతను నవ్వలేదు.

"బాగానే ఉంది," అన్నాడు.

కాగితం సూపరింటెండెంట్ చేతికిచ్చి లేవబోయాను. "మూడు ప్రతులు కావాలి సార్. అధ్యక్షులకొకటి, ఆఫీసుకొకటి, బయట బోర్డు మీద పెట్టడానికొకటి."

"జిరాక్స్ తీయండి."

"చేత్తో రాసినవే ఉండాలి సార్. అదీ పాత తీర్మానమే." పుస్తకం మీద చెయ్యి వేశాడు. "ఎవరిదో చూడమంటారా?"

"వద్దు."

లోపల జాబితా అచ్చు సంగతి మొదలైంది. రెండు ఖాళీ ఫారాలు పట్టుకుని వరండాలోకొచ్చి, కుంటి కుర్చీలో కూర్చుని, మోకాలి మీద ఫైలు పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. రెండో ప్రతి జాగ్రత్తగా, గడి దాటకుండా రాశాను. అక్షరాలు కుదిరాయి. పైన పాత టైంటేబుల్ గాలికి కొట్టుకుంటోంది. మూడో ప్రతిలో, 'మనిషి మీద కోపం' దగ్గరికి వచ్చేసరికి, ఆవులింత వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవులించి, మిగతాది రాశాను.