ఎలిమినేటరు మొరాయించిన పొద్దు

దసరా సెలవులు ముగిసి బడి తెరిచిన రెండో రోజు. పొద్దున పదిన్నరకు సైన్సు గదిలో టీచరమ్మ యశోదమ్మ కరెంటు పెట్టెకు తగిలించిన మీటరు ముల్లును చూస్తోంది. అటెండరు జంబన్న టీచరమ్మ ముఖం చూస్తున్నాడు.

ముల్లు పన్నెండు మీద నిలిచి ఉంది. మైలుతుత్తం నీళ్ళలో రాగి రేకులు ముంచిన గాజుపాత్రకు ఆమె తీగలు తగిలించగానే జర్రున జారి మూడు దగ్గర పడింది. తీగలు తీస్తే మళ్ళీ పన్నెండుకు లేచింది.

"చూడు జంబన్నా. ఊరికే ఉన్నంతసేపూ బాగుంటాది. పని చెప్తే కూలబడతాది."

"మా ఎద్దూ ఇంతే టీచరమ్మా. మెడ మీద కాడి పెట్టనంతవరకూ దానంత మంచిది లేదు."

ఆమెకు నవ్వు రాలేదు.

ఆ పెట్టెను బడిలో అందరూ ఎలిమినేటరు అంటారు. గోడలోంచి వచ్చే పెద్ద కరెంటును తీసుకొని, బ్యాటరీ ఇచ్చేటంత చిన్న కరెంటుగా, ఒకే దిక్కుకు పారేటట్టు చేసి ఇస్తుంది. సిరుగుప్పకు నాలుగు మైళ్ళ ఇవతల, కాలువ కింది వరిమళ్ళ నడుమ ఉన్న ఆ హైస్కూలుకు అది వచ్చి రెండేళ్ళయింది. వచ్చిననాటి నుంచీ దాని ఆలనా పాలనా జంబన్నదే. ప్రతి శనివారం కోడి ఈకతో దుమ్ము దులుపుతాడు, మరలు బిగిస్తాడు, మూత మీద చెవి ఆనించి రొద వింటాడు. లోపల ఏ కొంచెం తేడా వచ్చినా రొద మారుతుందని అతని నమ్మకం. ఈ పొద్దు రొద మారలేదు. అందుకే అతనికి దిక్కు తోచడం లేదు.

మూడు గంటలకు బళ్ళారి బస్సులో బడుల ఇన్‌స్పెక్టరు దిగుతాడు. సామాను సక్రమంగా ఉంటే ఎస్సెల్సీ ప్రాక్టికల్ పరీక్ష ఈ బడిలోనే జరుపుకొమ్మని రాసిస్తాడు. లేకపోతే పిల్లలు బళ్ళారి కంటోన్మెంటుకు పోయి, రెండు రోజులు అక్కడే ఉండి పరీక్ష ఇయ్యాలి. మగపిల్లలు పోతారు. ఈ ఊళ్ళో తొలిసారి ఎస్సెల్సీ దాకా వచ్చిన ఏడుగురు ఆడపిల్లలను మాత్రం వాళ్ళ నాయనలు పంపరు. వాళ్ళలో పాపి అనే పిల్ల నాయన ఆ మాట మొన్ననే తెగేసి చెప్పాడు.

హెడ్‌మాష్టరు గాదిలింగప్ప తలుపులోంచి తొంగి చూశాడు.

"ఏందప్పా, యట్లుండాది?"

"మొరాయిస్తాండాది సార్."

"గోనెపట్ట కప్పి మూలన పెట్టండప్పా. రిపేరీకి పోయిందని చెప్తే సాలు గదా."

"అప్పుడు పరీక్ష గూడా రిపేరీకి పోతాది సార్," అంది యశోదమ్మ.

హెడ్‌మాష్టరు లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

యశోదమ్మ ప్లగ్గు పీకింది. జంబన్న నాలుగు మరలూ తీసి మూత ఎత్తాడు. ఆమె భయమంతా లోపల వరుసగా గుచ్చి ఉన్న సెలీనియం పలకల మీదే. కరెంటును ఒకే దిక్కుకు తిప్పేది అవే. అవి కాలితే కుళ్ళిన ముల్లంగి వాసన వస్తుందని ఆమె చదువుకుంది. కొత్తవి కావాలంటే బెంగుళూరుకు రాయాలి, అవి వచ్చేసరికి పరీక్షలు అయిపోతాయి.

లారీలు నడిపే వెంకటరామి ఇచ్చిన లారీ బల్బు, ఆ ఊరి మాటలో దీపం బుడ్డి, ఒకటి బీరువాలో ఉంది. పన్నెండు వోల్టులది. దానికి రెండు తీగలు కట్టి, మళ్ళీ కరెంటు పెట్టింది.

"ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకో జంబన్నా. ఒక్క చేత్తోనే పట్టుకోవాల, షాకు గుండెకు పోకుండా."

ఒక తీగను పెట్టె అడుగున ఉన్న మరకు బిగించి, రెండోదాన్ని అతను పలకల చివర ఆనించాడు. బుడ్డి భగ్గున వెలిగింది. ముగ్గురి ముఖాల మీదా ఆ వెలుగు పడింది.

"పలకలు బాగుండాయి," అంది ఆమె, అంతసేపూ బిగబట్టిన ఊపిరి వదిలి. "ఇంక ముందుకు రా."

పలకల తరువాత ఫ్యూజు. రెండు ఇత్తడి చెంపల మధ్య ఇరికించిన చిన్న గాజు గొట్టం. దాని అవతలి చెంప మీద తీగ ఆనిస్తే బుడ్డి లోపలి తీగ ఎర్రబడిందే గానీ వెలగలేదు.

"కరెంటును ఈడే తింటాండాది," అన్నాడు జంబన్న.

"ఫ్యూజు తెగలేదే. తెగుంటే ఆ మాత్రం ఎరుపు గూడా రాదు." ఆమె వంగి చూసి, ముక్కు ఎగబీల్చింది. "అగరొత్తి ముట్టించినావా?"

"లేదు టీచరమ్మా."

"ముల్లంగి వాసన గాదు ఇది. గుడి వాసన."

జంబన్నకూ ఆ వాసన తగిలింది. వేడెక్కిన గంధం. ఆయుధ పూజ నాడు అందరూ బీరువాలకు, తక్కెడకు, గంటకు బొట్లు పెట్టి ఇళ్ళకు పోయాక అతనొక్కడే ఈ మూత తీశాడు. ఫ్యూజు ఊడబీకి, రెండు చెంపలకూ తడి గంధం మెత్తి, మళ్ళీ ఇరికించాడు. అది ఎండి ఇత్తడికీ గొట్టానికీ మధ్య గట్టి పొరలా కూర్చుంది.

గుడ్డతో తుడిచేసి ఊరుకుంటే అడిగేవాళ్ళు లేరు. ఎదురుగా హెడ్‌మాష్టరు ఉన్నాడు. అయినా దాచడానికి అతనికి మనసొప్పలేదు.

"నేనే పెట్టినా టీచరమ్మా. పండగ నాడు."

"లోపలా?"

"పైన రేకుకు పెట్టి, లోపల ప్రాణానికి పెట్టకుంటే ఏం బాగుంటాదని."

గాదిలింగప్ప స్టూలు మీద నుంచి లేచాడు. "నా కుర్చీకి పెట్టిన గంధం పంచెకంతా అంటుకున్నా నేనేమన్లేదు గదప్పా. దీనికి పొట్ట కోసి పెట్టినావా?"

యశోదమ్మ పకపకా నవ్వింది. పొద్దుటి నుంచీ బిగుసుకుపోయి ఉన్న మనిషి, బల్ల పట్టుకొని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. హెడ్‌మాష్టరు ఆమెను చూసి, తానూ ఆగలేకపోయాడు. జంబన్న మాత్రం తల వంచుకొని ప్లగ్గు పీకాడు.

స్పిరిటులో ముంచిన గుడ్డతో రెండు చెంపలూ తుడిచాడు. సన్నటి ఉప్పుకాగితంతో ఇత్తడి బంగారంలా మెరిసేదాకా రుద్దాడు. వదులైన చెంపలను వేళ్ళతో కొంచెం లోపలికి వంచి, గొట్టం ఇరికించి, కదిపి చూశాడు. కదల్లేదు. కరెంటు పెట్టి, గాజుపాత్రకు తీగలు తగిలించాడు. ముల్లు పన్నెండు కంటే రవ్వంత కిందికి వచ్చి, అక్కడే నిలబడింది.

"లాగుతాండాది," అన్నాడు మెల్లగా.

మూడున్నరకు వచ్చిన ఇన్‌స్పెక్టరు సన్నటి మనిషి, మాటలు తక్కువ. గాజుపాత్రకు తోడు దీపం బుడ్డి కూడా తగిలించమని, గడియారం చేతిలో పట్టుకొని పావుగంట ముల్లు ముందే కూర్చున్నాడు. ముల్లు ఉన్న చోటే ఉంది. లేచి పెట్టె చుట్టూ వేలితో రాసి చూసుకున్నాడు. దుమ్ము అంటలేదు.

"ఇదన్నెల్లా యారు నోడ్కోతారె?" అని కన్నడంలో అడిగాడు.

ఇదంతా చూసుకునేది ఎవరని. యశోదమ్మ జంబన్నను చూపించింది. ఇన్‌స్పెక్టరు తల ఊపి, నిలబడే కాగితం రాసి హెడ్‌మాష్టరు చేతికిచ్చాడు. పరీక్ష ఇక్కడే.

వరండాలో ఏడుగురు ఆడపిల్లలూ గోడకు ఆనుకొని కాచుకొని ఉన్నారు. గాదిలింగప్ప కాగితం చదివి వినిపించాడు. ఒకరి చేతులు ఒకరు గట్టిగా పట్టుకున్నారు.

"సార్, మా నాయనకు మీరే చెప్పాల," అంది పాపి. "నేను చెప్తే నమ్మడు."

"యాడుండాడు?"

"కాలువ కింద, కలుపు కాడ."

హెడ్‌మాష్టరు గొడుగు తీసుకున్నాడు. జంబన్న, యశోదమ్మ కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారు. కాలువ గట్టు మీద ముందు గొడుగు, వెనక ఏడు జడలు. దూరంగా మడిలో వంగి ఉన్న మనిషి నడుము ఎత్తి, ఆ వరుసను చూసి, ఏం ముంచుకొచ్చిందోనని మోకాటి లోతు బురదలో అడ్డంగా పరుగెత్తుకొచ్చాడు. గాదిలింగప్ప కాగితం ఎత్తి చూపించాడు. ఆ మనిషి బురద చేతులు పైపంచెకు తుడుచుకొని, చదువు రాకపోయినా కాగితాన్ని రెండు చేతులా అందుకొని, కిందా మీదా చూశాడు. తరువాత పాపి తల మీద చెయ్యి పెట్టాడు. తుడిచినా పోని బురద జడకంతా అంటింది.

ఆ పిల్ల కాలువ గట్టున నవ్విన నవ్వు సైన్సు గది దాకా వినబడింది.