గోతిలోంచి లేవని అక్క

అక్క నేలల శాఖలో పనిచేస్తుంది. గోతులు తవ్వి, నేల లోపలి పొరలు చూడటం ఆమె ఉద్యోగం. తమ్ముడు చదును పనుల కాంట్రాక్టరు. ఊరి బయటి ఎడారి మైదానాన్ని కార్ల పందేల కోసం గీకే పని అతనికొచ్చింది. వద్దని అక్క మొత్తుకుంది. అతను వినలేదు.

పొద్దున్నే అతను బుల్‌డోజరుతో వచ్చేసరికి, మైదానం నడుమ తను తవ్విన గోతిలో అక్క కూర్చుని ఉంది.

"లే అక్కా. చచ్చిన నేల కోసం ఎందుకీ గోల?"

"చచ్చిందని ఎవరన్నారు? దిగిరా."

విసుక్కుంటూనే దిగాడు. గోతి గోడలో, మోకాలి ఎత్తున, తెల్లటి పట్టీ ఒకటి రాయిలా బిగుసుకుని ఉంది.

"ఇక్కడి వాన ఇంతవరకే ఇంకుతుంది. పైనున్న సున్నాన్ని కరిగించి తెస్తుంది. ఇంకా కిందికి దిగేలోపే తడి ఆరిపోతుంది, సున్నం మిగిలిపోతుంది. ఇంత మందం కావడానికి వేల ఏళ్లు పట్టింది."

"అయితే ఏంటి?"

ఆమె సీసాలో నీళ్లు గోతి అంచున ఉన్న నల్లటి పొర మీద పోసింది. చూస్తుండగానే ఆ నలుపులో పచ్చదనం తేలింది.

"ఎండితే కంటికి కనపడని నాచు. ఇసుకని కట్టి పట్టుకున్నది ఇదే. దీన్ని గీకావంటే కిందున్న పిండిలాంటి మన్ను గాలికి లేచి నీ ఇంటికే వస్తుంది."

అతను ఆ పచ్చదనాన్ని వేలితో తాకాడు.

"మాటిచ్చేశానక్కా."

"నన్నడిగి ఇచ్చావా?"

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు."

"నాలుగోది నీ బుల్‌డోజరు కింద పడింది."

పైన యంత్రం మీదున్న డ్రైవరు నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు. తమ్ముడు నవ్వలేదు. అవతలి కొస నుంచి మొదలుపెట్టమన్నాడు.

సాయంత్రానికి సగం మైదానం గీకేశారు. నెత్తిన ఎండ మండుతున్నా అక్క లేవలేదు. ఆ చప్పుడు వింటూ ఏడ్చింది గానీ కదల్లేదు. అక్కను దాటి యంత్రాన్ని తోలమనడానికి తమ్ముడికి నోరు రాలేదు; పని అక్కడే ఆగింది.

తర్వాతి వారం గాలి లేచింది. మరదలు ఫోన్ చేసింది. "వదినా, పిల్లాడి పక్క నిండా మన్నే. ఆయన పొద్దుటి నుంచి దులుపుతూనే ఉన్నారు."

దుమ్ములో దారి కనపడక పందేలవాళ్లు వేరే చోటు వెతుక్కున్నారు. తమ్ముడు అక్క దగ్గరికొచ్చాడు.

"ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"గీకింది మన జన్మలో తిరిగి రాదు. మిగతా సగం మీదకి చక్రం రానివ్వకు."

"రేపు ఇంకొకడొస్తే?"

"రానీ. వాడికీ గొయ్యి తవ్వుతాను."

మర్నాడు అతను బండరాళ్లు తెచ్చి, మిగిలిన నేల చుట్టూ వరసగా పేర్పించాడు. అక్క పక్కనే నడుస్తూ, రాయి రాయికీ అతన్ని తిడుతూనే ఉంది.