పచ్చగడ్డి మరక

రెండో విడత ఉతుకు మొదలయ్యేసరికి ఉదయం ఆరయింది. ఎర్లీన్ టబ్స్ యంత్రం మూతకి ఎడమ తుంటి ఆనించి నిలబడింది. పదకొండేళ్లుగా ఆ మూత సరిగా పడదు. ఎవరో ఒకరు ఆనుకుంటేనే యంత్రం తిరుగుతుంది. తుంటి నొప్పికి వయసే కారణమన్నాడు డాక్టరు. యంత్రం సంగతి అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

గెలిచే జట్టు మేజోళ్లు కూడా ఉతకనివ్వదు, అదృష్టం పోతుందని. ఓడే జట్టు అన్నీ రెండేసి సార్లు ఉతకమంటుంది, దరిద్రం వదులుతుందని. ఈ ఏడు కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కుర్రాళ్లు కాలేజీల కూటమి కాన్ఫరెన్స్‌లో ఆరు ఆటలు ఆడి ఆరూ ఓడారు. సబ్బుపొడి వదులుతోంది గానీ దరిద్రం వదలడం లేదు. ఏడోది, ఆఖరిది, ఇవాళ మధ్యాహ్నం.

సొంత మైదానంలో తెల్లచొక్కాలు వేసుకోవాలని ఏ మహానుభావుడికి తోచిందో గానీ, అతను జన్మలో బట్టలుతికి ఉండడు. డెల్టా నల్లమట్టికి వెనిగర్ పడాలి. నెత్తురుకి చన్నీళ్లు. పచ్చగడ్డి మరకకి మాత్రం చేతులే. ఎర్లీన్ వేళ్ల కణుపులు అందుకే అల్లం కొమ్ముల్లా తయారయ్యాయి. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆమె ఒక్క ఆటా పూర్తిగా చూడలేదు. చూడాల్సిన అవసరమూ రాలేదు. ఏడో నంబరు వీపంతా పచ్చగా వచ్చిందంటే బంతి విసిరేలోపే పడగొడుతున్నారన్నమాట. యాభై రెండో నంబరు మోచేతులు నల్లగా ఉంటే వాడు పనిచేశాడన్నమాట. శిరస్త్రాణాల్లో మొహాలన్నీ ఒకటే. మరకలే ఆమెకి గుర్తు. బెంచీ మీద కూర్చునేవాళ్ల చొక్కాలు వెళ్లినట్టే తిరిగొచ్చేవి. వాటినీ అందరివాటితో కలిపి ఉతికేది, వాళ్ల పరువు కోసం. ఉతికేది, మరిచిపోయేది.

కోచ్ డాంట్‌జ్లర్ రెండు కాఫీలతో లోపలికొచ్చాడు. ఇరవై రెండేళ్ల క్రితం అతను ఈ కాలేజీకే ఆడాడు; అప్పుడతని చొక్కా ఉతికిందీ ఎర్లీనే.

"నిద్రపోయావా?" అందామె.

"ఎక్కడ పోతాను మిస్ ఎర్లీన్? ఒక్కటి గెలిస్తే మనిద్దరం ఉంటాం. లేదంటే నన్ను ఇంటికీ, ఈ బట్టల్ని పట్నం లాండ్రీ కంపెనీకీ పంపిస్తారట. కాలేజీ ప్రెసిడెంటు మొహమ్మీదే చెప్పాడు."

"పట్నంవాళ్లకి గడ్డి మరక తెలుసా?"

"వాళ్లకి గడ్డే తెలీదు."

ఇద్దరూ నవ్వారు. అతను వెళ్లాక ఎర్లీన్ తన రెండు జాకెట్లూ, చర్చికి వేసుకునే గౌనూ యంత్రంలో వేసింది. ఇంట్లో ఆమెకి ఉతికే యంత్రం లేదు. పత్తిమిల్లులో పనిచేసిన మొగుడు క్లియోథా పోయి తొమ్మిదేళ్లు, పిల్లల్లేరు. ఇంటికి వెళ్లేది పడుకోవడానికి. బతికేది ఈ గదిలో.

ఒంటిగంట ఆటకి పెట్టె సర్దుకుంది: సూది, దారం, లేసులు, చిరిగితే మార్చడానికి విడి చొక్కాలు రెండు. వాటిలో అరవై నాలుగో నంబరు చొక్కా మెడపట్టీ రెండో ఉతుకు తడి ఇంకా వదల్లేదు. పెట్టెలో పెడితే కంపు కొడుతుందని కొక్కేనికి తగిలించి, ఎనభై మూడు ఒక్కటే పెట్టుకుంది.

ఆట మూడో పాదంలో, విసిరిన బంతిని పట్టే ఆటగాడు టెరెల్ గేన్స్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా మెడ నుంచి నడుం దాకా చిరిగింది.

"తొందరగా మిస్ ఎర్లీన్! రిఫరీ బయటికి పొమ్మంటున్నాడు!"

"చేతులెత్తు. పొద్దున్నే తిన్న చేప వాసన నాకెందుకురా, అటు తిరుగు." ఆమె ఎనభై మూడు తొడిగింది.

"ఆ నంబరు ఎవరికైనా ఉందా?" కోచ్ అరిచాడు.

"ఎవరికీ లేదు. ఏళ్ల తరబడి పెట్టెలోనే ఉంది."

కోచ్ రిఫరీకి చెప్పి వచ్చాడు.

అవతలి జట్టు ఇరవై, వీళ్లు పదహారు. ఇంకా తొమ్మిది సెకన్లు. మైదానంలో ఒకడు కుంటుతూ బయటికొచ్చేశాడు. కోచ్ వెనక్కి చూడకుండా బెంచీ మీంచి ఒక కుర్రాణ్ని మెడ పట్టి లోపలికి తోశాడు. ఏడో నంబరు పడిపోతూనే బంతి విసిరాడు. ఎర్లీన్ జన్మలో మొదటిసారి చొక్కాని కాక బంతిని చూసింది. బెంచీ కుర్రాడు గాల్లోకి లేచి, రెండు చేతులా బంతిని పొట్టకి హత్తుకుని, గడ్డి మీద జారుకుంటూ గీత దాటాడు. ఆరు పాయింట్లు.

బాకాలు మోగాయి. ఎవరో ఎర్లీన్‌ని ఎత్తి దింపారు. తుంటి నొప్పి తెలియలేదు.

ఆ తర్వాత గడ్డి మీద, తప్పు జరిగితే రిఫరీ విసిరే పసుపు గుడ్డ కనిపించింది. రిఫరీ మైకు సర్దుకున్నాడు. ఒకే నంబరుతో ఇద్దరు ఆటగాళ్లు మైదానంలో ఉన్నారు. ఎనభై మూడు. పాయింట్లు చెల్లవు.

తప్పు తమదే కనక మళ్లీ ఆడే వీల్లేదు. గడియారం సున్నా దగ్గర ఆగిపోయింది.

సాయంత్రం ఐదింటికి కోచ్ బట్టల గదికొచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు. ప్రెసిడెంటు ఫోను అప్పటికే వచ్చింది.

"నేను చూసుకోవాల్సింది," అన్నాడు.

"నువ్వు అడిగావు. అబద్ధం చెప్పింది నేను."

"మరిచిపోయారు, అంతే. ఆ పిల్లాడు అక్టోబరులో చేరాడు, బీరువాలో ఉన్న రెండో ఎనభై మూడు వాడికిచ్చాం. నా చొక్కా మాత్రం నాలుగేళ్లలో ఒక్కసారీ తారుమారు చెయ్యలేదు మీరు."

"నీది మట్టి కొట్టుకుని వచ్చేది. ఎలా మరుస్తాను?"

అతను లోపలికొచ్చి, యంత్రం మూత మీద చేత్తో రెండుసార్లు తట్టి వెళ్లిపోయాడు.

అందరూ చొక్కాలు బుట్టలో పడేసి పోయాక చివరగా ఆ కుర్రాడొచ్చాడు. చొక్కా మడత పెట్టి రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

"క్షమించండి మేడమ్. బాగా మాపేశాను."

ఆమె విప్పి చూసింది. భుజం నుంచి నడుం దాకా పచ్చటి చార.

"నీ పేరేంటి నాయనా?"

"ఓడెల్ ప్రూయిట్. రెండు నెలల్నుంచీ మీరే ఉతుకుతున్నారుగా."

"ఔను," అంది ఎర్లీన్. "నేనే."

వాడు వెళ్లాక ఆమె ఆ చొక్కా తలుపు వెనక కొక్కేనికి తగిలించింది. తర్వాత మిగతా అరవై చొక్కాలూ ఉతికింది, ఒక్కసారే. ఆరబెట్టింది, మడిచింది, నంబర్ల వరసన పేర్చింది. తన జాకెట్లూ గౌనూ సంచీలో పెట్టుకుంది. యంత్రం మూతకి నేల తుడిచే కర్ర ఒకటి ఊతంగా పెట్టి చూసింది, సరిగ్గా సరిపోయింది. పదకొండేళ్లుగా ఆ కర్ర ఆ మూలనే ఉంది. తాళంచెవి మేకుకి తగిలించి, తెల్లారకముందే వెళ్లిపోయింది. పనిలోంచి తీసేసే ఉత్తరం వచ్చేదాకా ఆగలేదు.

సోమవారం పట్నం కంపెనీ బండి వచ్చి బీరువాల్లోవన్నీ లెక్క చూసుకుని పట్టుకుపోయింది. ఉతకనిది మాత్రం తమ జాబితాలో లేదన్నారు. తలుపు వెనక కొక్కేనికి ఎనభై మూడు ఒక్కటే మిగిలింది, భుజం నుంచి నడుం దాకా ఇంకా పచ్చగా.