ఆర్నెల్ల సారు రాసిన చెక్కు

చెక్కులకి ఇప్పట్లా మూడు నెలలు కాక ఆర్నెల్ల గడువున్న రోజుల మాట ఇది. బ్యాంకులో చెక్కులు తీసుకునే గుమాస్తాకి అసలు పేరొకటి ఉండే ఉంటుంది. జనం మాత్రం ఆర్నెల్ల సారు అనేవారు. ఎవరైనా పాత చెక్కు తెస్తే చాలు, ముందు తేదీ చూసేవాడు, తర్వాత కళ్లజోడు మీదుగా మనిషిని చూసేవాడు. "ఆర్నెల్లు దాటింది. బ్యాంకు చెల్లించక్కర్లేదు. ఇదిప్పుడు వట్టి కాగితం" అనేసి అద్దం కిందనుంచి వెనక్కి తోసేసేవాడు. అదేం సరదానో గానీ, ఆ మాట అన్న రోజు ఆయనకి భోజనం ఇంకో ముద్ద ఎక్కువే దిగేది.

ఆ ఉదయం గోడలకు రంగులేసే ముసలాయనకీ అదే మాట చెప్పాడు. ఆయన ఇంటికి పోలేదు, మూల బెంచీ మీద కూలబడ్డాడు.

ఆ వెనకే సారు చెల్లెలు వచ్చింది. ఆమెకి పక్క వీధిలో బేకరీ ఉంది. సంచీలోంచి ఫొటో ఫ్రేము తీసి కౌంటరు మీద పెట్టింది. అందులో ఉన్నది ఫొటో కాదు, చెక్కు. మూడేళ్ల క్రితం బేకరీ తెరిచిన రోజు బంధువులందరి ముందూ సారే రాసిచ్చిన చెక్కు అది. చెల్లెలు మార్చుకోదని తెలిసే అంకె కాస్త ఉదారంగా వేశాడు. అనుకున్నట్టే ఆమె మురిసిపోయి, దానికి అద్దం కట్టించి గల్లాపెట్టె పైన వేలాడదీసింది. రొట్టెలు కొనేవాళ్లంతా అన్నంటే ఇలా ఉండాలి అనుకుంటూ పోయేవారు. చిల్లిగవ్వ ఖర్చు లేకుండా అంత పేరు ఎంతమందికొస్తుంది?

"పొయ్యి పాడైందన్నయ్యా. వారం నుంచి కొట్టు మూసే ఉంది. వేరే దారి లేక తెచ్చాను."

కారు కోసం దాచుకున్న డబ్బు ఆయన కళ్ల ముందు తిరిగింది.

"అది కాదమ్మా... ఆర్నెల్లు దాటితే రూలు ఒప్పుకోదు. ఇవ్వాలనే ఉంది, నా చేతిలో ఏముంది చెప్పు?"

ఆమె ఫ్రేము మళ్లీ సంచీలో పెట్టుకోబోయింది. కళ్లు నిండిపోయాయి.

కొత్తగా వచ్చిన మేనేజరమ్మ వెనక నిలబడి అంతా వింటూనే ఉంది.

"ఆగమ్మా. సారూ, మీ సొంత చెక్కు మీరే చూడకూడదు కదా, ఇలా ఇవ్వండి. రూలు సగమే చెప్పారు మీరు. ఆర్నెల్లు దాటితే చెల్లించి తీరాలన్న బాధ్యత బ్యాంకుకి లేదు, అంతవరకే. చెల్లించకూడదని ఎక్కడుంది? రాసినాయన సరేనంటే శుభ్రంగా చెల్లించొచ్చు. ఓసారి ఆయన్నే అడుగుదాం."

మొహంలో నవ్వన్నది కనబడనీయకుండా కంప్యూటర్లో నంబరు చూసి ఫోను చేసింది. సారు చొక్కా జేబు మోగింది.

బ్యాంకంతా చెవులు రిక్కించింది. ఇన్ని రూళ్లు తెలిసిన మనిషికి తన ఫోను ఎలా ఎత్తాలో కాసేపు తెలియలేదు.

"బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామండీ," అంది మేనేజరమ్మ ఆయన మొహంలోకే చూస్తూ. "మీ చెల్లెలిగారికి రాసిన పాత చెక్కు వచ్చింది. చెల్లించమంటారా?"

ఆయన చెల్లెలి వైపు చూశాడు. ఆ రోజు చెక్కు అందుకున్నప్పుడు ఎలా చూసిందో ఇప్పుడూ అలాగే చూస్తోంది, పాపం, అంతే నమ్మకంగా. ఆయనకి నిజంగానే సిగ్గేసింది.

"ఇవ్వండి" అన్నాడు. మళ్లీ ఇంకాస్త గట్టిగా అన్నాడు. "ఇచ్చెయ్యండి."

బెంచీ మీది ముసలాయన లేచి వచ్చి, పొద్దున వట్టి కాగితమన్న తన చెక్కుని అద్దం కిందనుంచి మళ్లీ లోపలికి తోశాడు.

"సారూ, ఫోను ఎలాగూ చేతిలోనే ఉంది కదా. నాది రాసినాయన్ని కూడా ఓ మాట అడగండి."