బొందు ముడి కింద రక్తనాళం

నేను ఒక సీటీ స్కాన్ మిషన్ని. పడుకున్న మనిషి చుట్టూ గిర్రున తిరిగి, లోపల ఉన్నది ఉన్నట్టు చూపించడం నా ఉద్యోగం. పుట్టింది సముద్రం అవతల ఫ్యాక్టరీలో. విశాఖపట్నంలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి వాళ్ళు నన్ను కొని, కొబ్బరికాయ కొట్టి, గుమ్మడికాయతో దిష్టి తీశారు. తొమ్మిదేళ్ళు వాడుకున్నారు. కొత్తది రాగానే నన్ను విప్పి, లారీ ఎక్కించి, విజయనగరం దగ్గర ఒక ట్రస్టు నడిపే క్యాన్సరు ఆసుపత్రికి అమ్మేశారు. ఇక్కడ రోజుకి నలభైమంది. బేరింగులు అరిగిపోయాయి. మొరాయిస్తే "ముసలిదైపోయింది" అంటారు. మొరాయించకపోయినా అదే మాట.

నూకరత్నం కిందటి చలికాలంలో వచ్చింది. నలభై రెండేళ్ళ మనిషి, పట్టుచీరల కొట్లో పని. చీర తన భుజం మీద వేసుకుని కొనేవాళ్ళకి చూపించేది. క్యాన్సరుకి ఎడమ రొమ్ము తీసేశాక, పైట సరిగా నిలవడం లేదని యజమాని ఆమెను వెనక గదిలో మడతలు పెట్టడానికి పంపేశాడు.

"మళ్ళీ ముందుకొచ్చి నిలబడాలమ్మా. అంతే నాకు కావలసింది," అంది నా గదిలోనే, సర్జను డాక్టర్ రెహానాతో.

డాక్టర్ ఆలోచన ఇదీ: పొత్తికడుపు నుంచి కొంత చర్మం, కొవ్వు తీసి రొమ్ముగా అమర్చాలి. దానికి రక్తం అందించే సన్నటి నాళాన్ని కూడా తీసి, ఛాతీలోని నాళానికి అతకాలి. ఏ నాళం బలంగా ఉందో కొయ్యకముందే చూపించాల్సింది నేను.

నాళాలు కనబడేలా రంగుమందు ఎక్కించారు. తిరిగాను. బొమ్మలో బొడ్డు కింద పనికొచ్చే నాళం ఒక్కటీ లేదు.

"మిషను ముసలిదైపోయింది మేడం," అన్నాడు టెక్నీషియన్ దాలినాయుడు, నా పక్కనే నిలబడి.

డాక్టర్ బొమ్మ పడిన తెరకి దగ్గరగా వంగింది. "మిషన్ని అనకయ్యా. నడుం చుట్టూ ఈ నొక్కు ఏమిటి?"

అడిగితే నూకరత్నం తల దించుకుంది. "గౌను ఎనకాల తెరుచుకునుంది కదమ్మా. సిగ్గేసి లంగా ఉంచీసినాను. జారిపోకుండా ఇంకో ముడేసి బిగించీసినాను."

"తియ్యమని చెప్పలేదా నాయుడూ?"

"చెప్పాను మేడం. తీసిందో లేదో... ఆడమనిషి, దుప్పటి ఎత్తి ఎలా చూస్తానండీ?"

"నువ్వు సిగ్గుపడ్డావు, ఆవిడ సిగ్గుపడింది. నేనేమో ఈ కడుపు పనికిరాదని రాసేసేదాన్ని!"

మనుషులు నాకు పేగులూ ఎముకలూ చూపిస్తారు. లంగా బొందు దగ్గర మాత్రం ఆగిపోతారు. ఆ బిగింపుకి నాళాలు నొక్కుకుపోతే నేనేం చెయ్యను?

నాలుగు రోజులాగి, రంగుమందు ఇంకోసారి తట్టుకుంటాయో లేదోనని మూత్రపిండాల పరీక్ష చేసి, మళ్ళీ తీసుకొచ్చారు. ఈసారి నర్సు దగ్గరుంది. "విప్పీ తల్లీ, ఇక్కడ నేను తప్ప ఎవులూ లేరు," అంది. నన్ను లెక్కలో వేసుకోలేదు. సరే, తిరిగాను. బొడ్డుకి కుడివైపు, రెండు వేళ్ళ దిగువన ఒకటి కనబడింది. అగ్గిపుల్ల మందం.

డాక్టర్ తెర మీద కొలుచుకుని, కడుపు మీద పెన్నుతో చుక్క పెట్టింది. "ఇదేనమ్మా. ఇది చాలు."

నూకరత్నం తల ఎత్తి ఆ చుక్కని చూసుకుంది. "మరి నీళ్ళోసుకోవచ్చా అమ్మా, చెరిగిపోద్దేమో?"

"పోసుకో. చెరిగితే మళ్ళీ పెడతాను. కొలతలు నా దగ్గరున్నాయి."

ఆపరేషను నేను చూడలేదు. ఎలా అయిందో నాకెవరూ చెప్పలేదు. పది నెలల తర్వాత మామూలు తనిఖీకి, ఛాతీ స్కానుకి, ఆమే వచ్చింది.

"బేగి కానీ నాయుడు బాబూ. కొట్లో పెళ్ళివారు కూర్చున్నారు. నాను ఏసుకుని చూపిస్తే గానీ కొనరట!"

తిరిగాను. ఎడమవైపు పక్కటెముకల మీద, కడుపులో నేను వెతికి పట్టుకున్న నాళమే. కొత్త చోట అతుక్కుని, నిండుగా పారుతోంది.

రిపోర్టులో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని రాశారు. నాళం గురించి ఒక్క ముక్క లేదు. చక్కగా పనిచేస్తున్నదాని గురించి ఎవరూ రాయరు. నాకది బాగా తెలుసు.