ఇన్‌స్పెక్టర్‌ని డబ్బాలో పెట్టిన రోజు

పొద్దున్నే క్లినిక్ తలుపు తీయగానే అమ్మ చేసే మొదటి పని చేపల తొట్టికి నీళ్ళు పోయడం. అది ఉప్పునీళ్ళ తొట్టి. తెల్లారేసరికి కాస్త నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు, అందుకని పోసేది మంచినీళ్ళే. చెంబుతో మెల్లగా పోసి, అద్దం అంచున పేరుకున్న తెల్లటి ఉప్పు తడిగుడ్డతో తుడిచి, పంపు చప్పుడు సరిగ్గా ఉందో లేదో చెవి ఆనించి వింటుంది. ఈలోగా రిసెప్షన్ ఆవిడ వచ్చి కుర్చీలు వరసగా పెడుతుంది. లోపల సామాను ఉడికించే యంత్రం కుయ్యిమంటుంది. ఆ తర్వాత పంటినొప్పుల వాళ్ళు బుగ్గలు పట్టుకుని ఒక్కొక్కరే వస్తారు.

తొట్టి పెట్టింది నాన్నగారు. ఇంటి కింది భాగంలో క్లినిక్కూ ఆయన పెట్టిందే. తొట్టిలో రాళ్ళు ఎలా పేర్చి ఉంటే ఇంట్లో గదులు అలా ఉండేవి. పగడాలకి వెలుతురు చాలడం లేదని ఆయన ఒక రాయి అటు జరిపితే వంటగది ఇటు జరిగేది. "ఇవాళ పళ్ళు పీకే గది ఎడమపక్కండీ, బాత్రూమ్ మెట్ల కింద," అని రిసెప్షన్ ఆవిడ వచ్చినవాళ్ళకి వచ్చినట్టు చెప్పేది. పాత పేషెంట్లయితే అడక్కుండానే కాళ్ళు పైకెత్తుకుని కూర్చునేవాళ్ళు, నేల జరిగేటప్పుడు చెప్పులు ఎటో పోకుండా.

నాన్నగారు పోయాక రాళ్ళు కదలడం ఆగిపోయింది. ఆపింది ఆయన కొడుకు, అందరూ పెద్ద డాక్టరనే మనిషి. అప్పటికి వీధివైపు గది అతని చేతిలో ఉంది. పెద్ద కిటికీ, పొద్దుటి వెలుతురు నేరుగా పేషెంటు నోట్లో పడుతుంది, ఏసీ, మెత్తటి కొత్త కుర్చీ. "ఇంక ఆ రాళ్ళ జోలికి ఎవరూ వెళ్ళద్దు. నా గది కదిలిందంటే ఊరుకోను," అన్నాడు. అతను ఊరుకోకపోతే ఏం చేస్తాడో ఎవరికీ తెలీదు. తెలుసుకుందామని కూడా ఎవరూ అనుకోలేదు. ఇంట్లో ఒక మనిషి గొంతు పెంచితే చాలు, మిగతా వాళ్ళంతా గోడకి అంటుకుని నడవడం నేర్చుకుంటారు.

అతని చెల్లెలు చిన్న డాక్టరు. ఆమె చదువు ముగించుకుని వచ్చేసరికి ఇల్లు అలాగే బిగుసుకుపోయి ఉంది. ఆమెకి దొరికింది ఉడికించే యంత్రానికీ పెరటి తలుపుకీ మధ్యనున్న నడవ. అందులో నాన్నగారి పాత కుర్చీ, కాలితో తొక్కి పైకి లేపేది. దానికి తల ఆన్చే దిండు జారిపోతూ ఉంటుంది. దిండు కింద మోకాలు అడ్డం పెట్టి, ఒంటికాలి మీద నిలబడి పేషెంట్ల పుచ్చిన పళ్ళు బాగుచేసేది. చెయ్యి మంచిది. సూది గుచ్చినా గుచ్చినట్టు తెలియదని జనం చెప్పుకునేవాళ్ళు. ఆ చెప్పుకోవడమే అన్నగారికి గిట్టలేదు.

ఎవరైనా చెల్లెలి కోసం వస్తే "ఆమెకి ఖాళీ లేదు" అని తన గదికి పిలిపించుకునేవాడు. ఆమె ఖాళీగా కూర్చుని తలుపు సందులోంచి చూస్తూ ఉండేది. అంతటితో ఆగినా బాగుండును. నడవలోకి వచ్చి, పేషెంటు నోరు తెరుచుకుని ఉండగానే ఆమె చేతిలో అద్దం లాక్కునేవాడు.

"లే, నేను చూస్తా."

"అయిపోవచ్చింది అన్నయ్యా."

"నీకు తెలీదు, లే."

ఆమె లేచేది. సాయంత్రం వంటగదిలో అమ్మ దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకునేది. "సర్దుకో తల్లీ, అన్నయ్య కదా," అనేది అమ్మ.

సర్దుకో అన్న మాట వింటే ఎవరికైనా ఒళ్ళు మండాలి. కరిచేవాడి దగ్గరికి వెళ్ళి ఆ మాట ఎవరూ చెప్పరు. కరిపించుకున్నవాళ్ళ పక్కన చేరి, వీపు నిమిరి మరీ చెబుతారు. ఎంత ప్రేమగా చెబితే అంత అన్యాయం అది. అమ్మ మంచిదే, కూతురంటే ప్రాణమే, అయినా అదే మాట అంది. ఏళ్ళ తరబడి అంది.

తొట్టిలోకి రాస్ అనే రకం చేపని తెచ్చింది కూడా పెద్ద డాక్టరే. నాన్నగారి చేపలు ముసలివై ఒక్కొక్కటే పోయాక తొట్టి బోసిగా ఉందని కొనుక్కొచ్చాడు. నారింజ రంగు ఒంటి మీద ఆరు నీలం గీతలు, పచ్చటి తోక. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. "దీన్ని అన్నిటికంటే ఆఖర్న వెయ్యండి సార్," అన్నాడట దుకాణం అతను. "ముందు మెత్తటి చేపల్ని వేసి, అవి కుదురుకున్నాక ఇది. ముందే వేశారంటే తొట్టంతా తనదే అనుకుంటుంది." పెద్ద డాక్టరు నవ్వి, ఇంటికొచ్చి, ఖాళీ తొట్టిలో మొట్టమొదట దాన్నే వేశాడు.

వేలెడంత చేప. పొగరు మాత్రం చెప్పనలవి కాదు. తెల్లారింది మొదలు ప్రతి సందులోనూ తల పెట్టి చూసి వస్తుంది, అందుకని రిసెప్షన్ ఆవిడ దానికి ఇన్‌స్పెక్టర్ అని పేరు పెట్టింది. అమ్మ ఏ చేపని తెచ్చి వేసినా బతకనిచ్చేది కాదు. తోకలు కొరికేది, తిండి దగ్గరికి రానిచ్చేది కాదు. నత్తల్ని తిరగేసి తినేసింది. పెద్ద చేప అయితే తట్టుకునేదేమో, అమ్మ తెచ్చేవన్నీ నెమ్మది రకాలు. "కాస్త సర్దుకుంటాయిలే," అనుకునేది ఆవిడ. అక్కడా అదే మాట.

ఆఖరుగా ఒక జంటని తెచ్చింది. ముందు సగం తెలుపు, వెనక సగం ఎరుపు, సన్నగా పొడుగ్గా ఉంటాయి. అమ్మ వాటిని అగ్గిపుల్లలు అని పిలిచేది. భయమేస్తే నీళ్ళలోంచి పైకి దూకేయడం వాటి లక్షణం.

ఆ రోజు పొద్దున్న ఒక అగ్గిపుల్ల పేషెంట్ల బల్ల కింద దొరికింది. రిసెప్షన్ ఆవిడ ఊడుస్తుంటే చీపురుకి తగిలింది. ఎండి కర్రలా అయిపోయింది. అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని, పెరట్లో పాతిపెడదామని నడవ మీదుగా బయల్దేరింది. నడవలో కూతురు అట్టపెట్టెలో తన సామాను పెట్టుకుంటోంది. చిన్న అద్దాలు, చిమ్టాలు, పిల్లలకి చూపించే ప్లాస్టిక్ దవడ.

"ఇదేంటి?"

"వెళ్ళిపోతున్నానమ్మా. వేరే ఊళ్ళో పళ్ళపొడి కంపెనీలో ఉద్యోగం వచ్చింది. సాయంత్రం బండికి."

"అక్కడేం చేస్తావు?"

"దుకాణాలకి తిరిగి పళ్ళపొడి గురించి చెప్పాలి."

"మరి వైద్యం?"

"ఇంక చెయ్యనమ్మా. నాకు ఓపిక లేదు." ఆమె ఏడవడం లేదు. అమ్మని భయపెట్టింది అదే.

అలవాటు చొప్పున అమ్మ నోరు తెరిచింది. పాత మాట నాలుక చివరిదాకా వచ్చింది. చేతిలో చేప తేలిగ్గా, ఏమీ లేనట్టు ఉంది. ఆ మాట అనడానికి ఆవిడకి ఆ క్షణంలో నోరు రాలేదు. తన మీద తనకి అసహ్యం వేసింది, ఆ తర్వాత కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ అటకెక్కించిన కోపం అంతా ఒక్కసారి దిగివచ్చింది.

వెనక్కి తిరిగి ముందు గదిలోకి వచ్చింది. పేషెంట్లు నిండుగా ఉన్నారు. ఎండిన చేపని రిసెప్షన్ బల్ల మీద పెట్టి, గాజులు పైకి తోసుకుని, చేతులు రెండూ భుజాల దాకా తొట్టిలో ముంచింది.

"అమ్మగారూ," అంది రిసెప్షన్ ఆవిడ, లోపలి గదివైపు చూస్తూ. "సార్ పేషెంటుని చూస్తున్నారు."

"చూసుకోనీ. నువ్వు ఆ ఫోను పట్టుకో, పడిపోతుంది."

పాత పేషెంట్లు కాళ్ళు పైకెత్తుకున్నారు. కొత్తవాళ్ళు వాళ్ళని చూసి ఎత్తారు. "చాలా రోజులకి," అన్నాడు ఒక ముసలాయన, బుగ్గ మీద చెయ్యి తీయకుండా. అమ్మ మధ్యలో ఉన్న పెద్ద రాయి లాగింది. మేడ మీద ఎక్కడో గిన్నెలు గలగలమన్నాయి. గుహలా ఉన్న రాయి తిరగేసి మూలకి నెట్టింది. నేల లిఫ్టు ఆగినట్టు చిన్నగా కుదిపి ఊరుకుంది. ఒక్కో రాయీ తీస్తుంటే ఇన్‌స్పెక్టర్ ఇటూ అటూ పరిగెత్తింది, దూరడానికి తెలిసిన సందు ఒక్కటీ మిగల్లేదు. దాన్ని వలతో పట్టి, కొత్త చేపల్ని అలవాటు చేయడానికి వాడే చిల్లుల డబ్బాలో వేసి, మూత పెట్టి, తొట్టి మూలన వేలాడదీసింది. నీళ్ళలో తడిసిన చేతులు దులుపుకుని కూర్చుంది.

ఆ సమయానికి పెద్ద డాక్టరు గదిలో, కుర్చీలో నోట్లో దూది పెట్టించుకుని పడుకున్న పేషెంటు, పొద్దున చిన్న డాక్టరు కావాలని అడిగి లేదనిపించుకున్నాయనే. కళ్ళు మూసి తెరిచేసరికి ఎదురుగా చిన్న డాక్టరే ఉంది, చేతిలో అట్టపెట్టెతో. ఆమె చుట్టూ ఇప్పుడు నడవ లేదు. పెద్ద కిటికీలోంచి వెలుతురు వచ్చి ఆయన నోట్లో పడుతోంది.

"మీరేనా?" అన్నాడు దూదితోనే.

ఆమె కిటికీ వైపు చూసింది, కుర్చీ దిండు ఒకసారి నొక్కి చూసింది. జారలేదు. పెట్టె కింద పెట్టి, అందులోంచి చిన్న అద్దం తీసింది.

పెద్ద డాక్టరు ఇంటి మూలన ఒక ఇరుకు గదిలో తేలాడు. గోడల నిండా చిల్లులు. తలుపు ఒకటే, అది వంటగదిలోకి, ఎంత తోసినా తెరుచుకోలేదు. చిల్లుల్లోంచి క్లినిక్కంతా కనిపిస్తుంది, వెళ్ళడానికి దారి లేదు. కేకలేశాడు. చిల్లుల్లోంచి వచ్చేసరికి అది పక్కింటి రేడియో అంత చప్పుడే అయింది. "సార్ ఇవాళ లేరండీ, మేడమ్ చూస్తారు," అని రిసెప్షన్ ఆవిడ జనానికి చెబుతూ పోయింది. సాయంత్రం బండి దాని మానాన అది వెళ్ళిపోయింది.

ఇన్‌స్పెక్టర్ డబ్బాలో ఉన్నన్నాళ్ళూ అతను ఆ గదిలోనే ఉన్నాడు. చెల్లెలు పని చేయడం మొదలునుంచి చివరిదాకా అతను చూడడం అదే మొదలు. జనం నొప్పితో లోపలికి వెళ్ళి మామూలు మొహాలతో బయటికి రావడం చూశాడు. మొదట్లో పళ్ళు నూరాడు, తర్వాత ఊరుకున్నాడు. మిగిలిన ఒక్క అగ్గిపుల్లా పంపు వెనకనుంచి బయటికి వచ్చి, తొట్టి నడిమధ్యన నిలబడి తిండి తినడం నేర్చింది.

అప్పుడు అమ్మ డబ్బా మూత తీసింది. ఇన్‌స్పెక్టర్ మెల్లగా బయటికి వచ్చి, కొత్త రాళ్ళ మధ్య ఏది తనదో తెలియక అద్దం పక్కనే ఈదుతూ ఉండిపోయింది. అగ్గిపుల్ల దాన్ని చూసి పైకి దూకలేదు.

పెద్ద డాక్టరు తలుపు తీసుకుని తొట్టి దగ్గరికి వచ్చాడు. గడ్డం పెరిగింది. గొంతు తగ్గింది.

"అమ్మా, ఆ రాళ్ళు మళ్ళీ పాత చోటే పెట్టు. నా గది నాకు కావాలి."

అమ్మ అద్దం అంచున ఉప్పు తుడుస్తోంది. చెయ్యి ఆపలేదు.

"సర్దుకో నాన్నా," అంది. "చెల్లెలు కదా."

రిసెప్షన్ ఆవిడ అతనికి దారి చెప్పింది. వంటగది దాటి, మెట్ల వెనక, ఉడికించే యంత్రం పక్కన నడవ. నాన్నగారి పాత కుర్చీ అక్కడే ఉంది. మొదటి పేషెంటు కూర్చుని తల ఆన్చగానే దిండు జారింది. అతను చుట్టూ చూశాడు. పిలవడానికి ఎవరూ లేరు. దిండు కింద మోకాలు అడ్డం పెట్టి, ఒంటికాలి మీద నిలబడి, పని మొదలుపెట్టాడు.